పొటాషియంకీ 4ఎస్¹, రాగికీ 4ఎస్¹. మరి రాగి నీళ్లలో ఎందుకు మండదు?

ప్రశ్న: ఎస్‌బ్లాక్_పాఠం

ఇంటర్ ఫస్టియర్ పిల్లలకి వచ్చే వారం గ్రూపు 1 (క్షార లోహాలు) మొదలుపెట్టాలి. లిథియం నుంచి ఫ్రాన్షియం దాకా ఆరింటికీ చివరి కర్పరంలో ఒకే ఒక ఎస్ ఎలక్ట్రాన్ ఉంటుంది, అందుకే వాటి గుణాలు ఒకేలా ఉంటాయి అని పుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేసింది. పిల్లలు తప్పకుండా అడిగే మూడు సంగతులు మాత్రం నాకే తేలడం లేదు.

ఒకటి. పొటాషియం ఎలక్ట్రాన్ విన్యాసం [ఆర్గాన్] 4ఎస్¹, అంటే ఆర్గాన్ అమరిక మీద 4ఎస్‌లో ఒక ఎలక్ట్రాన్. రాగిది [ఆర్గాన్] 3డి¹⁰ 4ఎస్¹. రెండింటికీ చివర ఒక్క ఎలక్ట్రానే. ఒకటేమో నీళ్లలో పడగానే అంటుకుంటుంది, రెండోదాంతో బిందెలు చేయించి నీళ్లు నింపుకుంటున్నాం. అలాంటప్పుడు "చివర ఒక్క ఎలక్ట్రాన్" అన్న కారణం ఎలా నిలబడుతుంది?

రెండు. నీటి ద్రావణంలో లిథియం అన్నిటికంటే బలమైన క్షయకరణి (ఎలక్ట్రాన్‌ని ఇచ్చేసేది), దానికి హైడ్రేషన్ శక్తి (అయాన్ చుట్టూ నీటి అణువులు చేరినప్పుడు విడుదలయ్యేది) కారణం అంటారు. లెక్క వేసి చూశాను. అయనీకరణకి (పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ని లాగేయడానికి) పెట్టిన శక్తిలోంచి హైడ్రేషన్‌లో తిరిగొచ్చేది తీసేస్తే లిథియంకి 520 − 506 = 14, సోడియంకి 496 − 406 = 90, పొటాషియంకి 419 − 330 = 89, రుబీడియంకి 403 − 310 = 93, సీజియంకి 376 − 276 = 100 వచ్చాయి. అన్నీ మోల్‌కి కిలోజౌళ్లు. ఈ లెక్కన సీజియం అందరిలోకీ బలహీనం కావాలి. ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పట్టికలో (ఎంత రుణంగా ఉంటే అంత బలమైన క్షయకరణి) చూస్తే వెనకబడింది సోడియం. ఎక్కడ తప్పాను?

మూడు. సోడియం ముక్కని నీళ్లలో వేసి చూపించాలని ఉంది. ఎంత ముక్క తీసుకోవాలి, ఏం జాగ్రత్తలు పాటించాలి? ల్యాబ్ బీరువాలో పాత పొటాషియం సీసా కూడా ఒకటి ఉంది. అందులోంచి ఓ ముక్క కోయొచ్చా?

జవాబు: లోపలి_కర్పరం

మూడోదాని గురించి ముందు ఒక్క మాట: ఆ పొటాషియం సీసా మూత తీయకండి. వివరం ప్రయోగాలు చేయించేవాళ్లు చెబుతారు. నేను మొదటిదానికి వస్తాను.

పుస్తకంలోని వాక్యం తప్పు కాదు, సగం చెప్పి ఆపేసింది. చివర ఒక్క ఎలక్ట్రాన్ ఉందా అన్నది ఒక షరతు. దాని అడుగున ఏముంది అన్నది రెండో షరతు, బరువంతా దీని మీదే ఉంది. బోర్డు మీద ఆరింటినీ ఒకదాని కింద ఒకటి రాయండి:

లిథియం [హీలియం] 2ఎస్¹
సోడియం [నియాన్] 3ఎస్¹
పొటాషియం [ఆర్గాన్] 4ఎస్¹
రుబీడియం [క్రిప్టాన్] 5ఎస్¹
సీజియం [జీనాన్] 6ఎస్¹
ఫ్రాన్షియం [రేడాన్] 7ఎస్¹

ప్రతి వరసలోనూ జడవాయువు, దాని మీద నేరుగా ఒక ఎస్ ఎలక్ట్రాన్. మధ్యలో ఇంకేమీ లేదు. చివరి కర్పరానికి సరిగ్గా కింద ఉన్న కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు (లిథియంకి మాత్రం రెండు). రాగికి అదే చోట పద్దెనిమిది ఉన్నాయి: 3ఎస్² 3పి⁶ 3డి¹⁰. తేడా అంతా ఈ పదింటి దగ్గరే పుడుతుంది.

స్లేటర్ నియమాలతో పిల్లల చేతే లెక్క వేయించండి, అయిదు నిమిషాల పని. చివరి ఎస్ ఎలక్ట్రాన్‌ని కేంద్రకం ఆకర్షణ నుంచి కప్పడంలో, కింది కర్పరంలోని ఒక్కో ఎలక్ట్రాన్‌కి 0.85, అంతకంటే లోపలివాటికి ఒక్కోదానికి 1 లెక్క. పొటాషియంకి 8 × 0.85 = 6.8, లోపలివి 10, మొత్తం 16.8. కేంద్రక ఆవేశం 19లోంచి తీసేస్తే 2.2 మిగిలింది. రాగికి 18 × 0.85 = 15.3, లోపలివి 10, మొత్తం 25.3. 29లోంచి తీసేస్తే 3.7. పొటాషియం నుంచి రాగికి వచ్చేసరికి పది ప్రోటాన్లు పెరిగాయి, పది డి ఎలక్ట్రాన్లు చేరాయి. ఆ పదీ కలిసి 8.5 ప్రోటాన్లనే కప్పగలిగాయి. మిగిలిపోయిన ఒకటిన్నర ఆవేశం 4ఎస్ ఎలక్ట్రాన్‌ని లోపలికి లాగి పట్టుకుంటుంది. లోహ వ్యాసార్థం పొటాషియంకి 227 పికోమీటర్లు, రాగికి 128. మొదటి అయనీకరణ శక్తి 419 నుంచి 745కి ఎక్కింది.

అంతటితో అయిపోలేదు. రాగి లోహంలో పరమాణువుల్ని కలిపి ఉంచే బంధంలో డి ఎలక్ట్రాన్లకీ వాటా ఉంది. ఘన లోహాన్ని విడి పరమాణువులుగా చేయడానికి పొటాషియంకి 89 కిలోజౌళ్లు చాలు, రాగికి 338 కావాలి. పొటాషియం 63 డిగ్రీలకే కరుగుతుంది, రాగి 1085కి. ఘన లోహం నుంచి ఒంటరి +1 అయాన్ దాకా మొత్తం ఖర్చు చూస్తే పొటాషియంకి 508, రాగికి 1083. రెట్టింపు దాటింది. బిందె బిందెగా ఉండటానికి ఈ అంకె కారణం.

రెండో ఎలక్ట్రాన్ సంగతి కూడా చెప్పాలి, దాన్ని చాలామంది దాటేస్తారు. సోడియం మొదటి ఎలక్ట్రాన్‌కి 496, రెండోదానికి 4562. జడవాయువు కర్పరాన్ని పగలగొట్టాలి కాబట్టి ఒక్కసారిగా తొమ్మిది రెట్లు. అంత ఖర్చుని ఏ స్ఫటికమూ, ఏ ద్రావణమూ తీర్చలేదు. అందుకే క్షార లోహాల లవణాల్లో ఎప్పుడూ +1 అయానే. రాగికి రెండో ఎలక్ట్రాన్ ఖర్చు 1958. ఎక్కువే, అయినా నీళ్లలో +2 అయాన్‌కి దక్కే హైడ్రేషన్ శక్తి దాన్ని భరిస్తుంది. మైలుతుత్తం నీలంగా ఉండేది ఆ +2 అయాన్ వల్లే.

పాత పొట్టి ఆవర్తన పట్టికలో రాగి, వెండి, బంగారం ఈ ఒకటో గ్రూపులోనే "బి" ఉపగ్రూపుగా ఉండేవి. కాబట్టి మీ పిల్లలకి రాబోయే సందేహం పట్టికలు వేసినవాళ్లు కూడా ఎదుర్కొన్నదే. హైడ్రోజన్ గురించి అడిగితే: 1ఎస్¹ ఉంది, అడుగున కర్పరమే లేదు, కప్పేవాళ్లు లేరు, అయనీకరణ శక్తి 1312.

జవాబు: ఎలక్ట్రోడ్_లెక్క

రెండో ప్రశ్నలో మీ తీసివేతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, మొదటి మెట్టు ఒకటి ఎగిరిపోయింది. అయనీకరణ శక్తి వాయు స్థితిలో ఉన్న విడి పరమాణువుకి. మీ చేతిలో ఉన్నది ఘన లోహం. దాన్ని ముందు పరమాణువులుగా విడగొట్టాలి. ఆ శక్తి లిథియంకి 159, సోడియంకి 107, పొటాషియంకి 89, రుబీడియంకి 81, సీజియంకి 76. మీ అంకెలకి ఇవి కలపండి:

లిథియం 14 + 159 = 173
సోడియం 90 + 107 = 197
పొటాషియం 89 + 89 = 178
రుబీడియం 93 + 81 = 174
సీజియం 100 + 76 = 176

ఇప్పుడు ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియళ్లు పక్కన పెట్టండి: −3.04, −2.714, −2.925, −2.930, −2.927 వోల్టులు. సోడియం ఒక్కటే వెనకబడింది, మిగతావి గుంపుగా ఉన్నాయి. అది కూడా ఎంత దగ్గరగా సరిపోయిందో చూడండి. ఒక వోల్టు అంటే మోల్ ఎలక్ట్రాన్లకి 96.5 కిలోజౌళ్లు. సోడియం, పొటాషియంల మధ్య 0.211 వోల్టుల తేడా అంటే సుమారు 20. మన కూడికలో తేడా 19.

లిథియం దగ్గర అంత చక్కగా కుదరదు. పొటెన్షియల్ ప్రకారం అది రుబీడియం కంటే 10 కిలోజౌళ్లకి పైగా కింద ఉండాలి, మన లెక్కలో ఒక్కటే తేడా వచ్చింది. లిథియం హైడ్రేషన్ శక్తి కొన్ని పట్టికల్లో 506, కొన్నింట్లో 520 దాకా ఉంటుంది. 520 తీసుకుంటే మొత్తం 159 అవుతుంది, అప్పుడు మరీ కిందికి పోతుంది. ఎంట్రోపీని (క్రమం ఎంత చెదిరిందో చెప్పే రాశిని) మనం అసలు పట్టించుకోలేదు. చిన్న లిథియం అయాన్ చుట్టూ నీటి అణువులు గట్టిగా, క్రమంగా పేరుకుంటాయి, దాని వల్ల లాభం కొంత తగ్గుతుంది. పిల్లలకి కూడిక చూపించండి, ఎంట్రోపీని వదిలేశాం అన్న మాట కూడా అదే గంటలో చెప్పండి. లేకపోతే ఎవరో ఒకరు వేరే పుస్తకంలోని అంకెలతో లెక్క వేసి అయోమయంలో పడతారు.

ఇంకొకటి. గ్రూపులో కిందికి పోతున్నకొద్దీ చర్యాశీలత పెరుగుతుంది అన్న వాక్యాన్ని, పొటెన్షియల్ పట్టికని ఒకే బోర్డు మీద రాస్తే రెండూ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి. కొట్టుకోవు. పొటెన్షియల్ చెప్పేది మొదలుకీ చివరికీ మధ్య శక్తి తేడా ఎంత అని. చర్య ఎంత వేగంగా సాగుతుందో అది చెప్పదు.

జవాబు: తొట్టి_పక్కన

సోడియంతో చేసి చూపించడం గురించి. ముక్క సైజు ఒక్కటే ఇక్కడ ప్రాణం. 3 మిల్లీమీటర్ల ఘనం, అంటే దాదాపు పెసర గింజంత. దాని బరువు 26 మిల్లీగ్రాములు, వచ్చే హైడ్రోజన్ 14 మిల్లీలీటర్లు. చూడటానికి చిన్నదే అనిపించే 1 సెంటీమీటర్ ముక్క దాదాపు గ్రాము తూగుతుంది, అర లీటరు హైడ్రోజన్ ఇస్తుంది. భుజం మూడింతలకి కాస్త పైగా పెరిగితే గ్యాసు 37 రెట్లు. ప్రమాదాలు ఎక్కువగా ఈ కంటి అంచనా దగ్గరే జరుగుతాయి.

వెడల్పాటి గాజు తొట్టిలో 2 లీటర్ల నీళ్లు పోసి మూడు చుక్కలు ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగుకి తిరిగే సూచిక) వేయండి. కళ్లద్దాలు మీకూ పిల్లలకీ తప్పనిసరి. తొట్టికీ పిల్లలకీ మధ్య పారదర్శకమైన అడ్డం పెట్టి, మూడు మీటర్ల దూరంలో నిలబెట్టండి. పొడి చిమటాతో సోడియంని కిరోసిన్‌లోంచి తీసి, పొడి ఫిల్టర్ పేపర్ మీద పెట్టి, పొడి కత్తితో కోయండి. వేళ్లతో ముట్టుకోవద్దు, చెమట చాలు కాలడానికి. కోసిన ముఖం వెండిలా మెరిసి, చూస్తుండగానే మసకబారుతుంది. ఆ ముఖాన్ని పిల్లలకి చూపించండి, ఒక్క ఎలక్ట్రాన్ పోగొట్టుకోవడమంటే అదే. పై బూజు చెక్కేసి, కిరోసిన్ అద్దేసి, మిగతా ముక్కని వెంటనే సీసాలో వేసి మూత బిగించాకే చిన్న ముక్కని నీళ్లలో వేయండి. సీసా తొట్టి పక్కన ఉండకూడదు.

ముక్క కరిగి గుండ్రటి పూసలా అవుతుంది (కరిగేది 98 డిగ్రీలకే), నీటి మీద పరుగులు పెడుతుంది, వెనకాల గులాబీ రంగు గీత. దాన్ని కదలకుండా పట్టుకునే పని ఏదీ చేయొద్దు. ఫిల్టర్ పేపర్ మీద పెట్టి నీటిపై తేలిస్తే వేడి ఒకేచోట పేరుకుని మంట లేస్తుంది. తొట్టి మీద మూత పెడితే, లేదా గొట్టంలో బంధిస్తే, హైడ్రోజన్ గాలితో కలిసి పేలుతుంది. పూస గాజు గోడకి అతుక్కుంటే గాజు పగలొచ్చు, అందుకే వెడల్పాటి తొట్టి. అయిపోయిందనుకుని తొంగిచూడటం ఇంకో పొరపాటు. చివర్లో మిగిలే వేడి బొట్టు చిట్లి క్షారాన్ని చిమ్ముతుంది, అది కంట్లో పడితే చూపు పోతుంది. శబ్దం ఆగాక పూర్తిగా ఒక నిమిషం ఆగండి.

మిగిలిన తునకల్ని సింకులో వేయొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. పొడి బీకరులో కిరోసిన్ కింద ఉంచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దికొద్దిగా పోయండి. బుడగలు పూర్తిగా ఆగాక ఇథనాల్, ఆ తర్వాతే చుక్కచుక్కగా నీళ్లు. మామూలు రెక్టిఫైడ్ స్పిరిట్‌తో మొదలుపెట్టకూడదు, అందులో నూటికి అయిదు వంతులు నీళ్లే ఉంటాయి. మంట లేస్తే పొడి ఇసుక. నీళ్లు వద్దు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా వద్దు, మండే సోడియం దానిలోంచి కూడా ఆక్సిజన్ లాక్కుంటుంది. లిథియం మంటకి ఇసుక కూడా పనికిరాదు, గ్రాఫైట్ పొడి కావాలి.

పొటాషియం సీసా. గాలి కొద్దిగా తగిలినా ఏళ్లు గడిచేకొద్దీ పొటాషియం మీద పసుపు, నారింజ రంగు పొర కడుతుంది. అది సూపరాక్సైడ్, బలమైన ఆక్సీకరణి. పైన కిరోసిన్, కింద లోహం, మధ్యలో ఆ పొర. కత్తి నొక్కితే మూడూ కలిసిపోతాయి, ఆ నొక్కుడుకే పేలిపోవచ్చు. సీసాని కదపకుండా "తెరవరాదు" అని రాసి పెట్టి, రసాయన వ్యర్థాలు తీసుకెళ్లే అధీకృత సంస్థకి అప్పగించే ఏర్పాటు చేయించండి. పొటాషియం మంటని వీడియోలో చూపించినా పాఠానికి లోటు రాదు.

ప్రశ్న అడిగినవారు: ఎస్‌బ్లాక్_పాఠం

పొర సంగతి చెప్పి మంచిపని చేశారండి. సీసా లోపల నారింజ రంగు బయటికే కనిపిస్తోంది, బీరువాకి తాళం వేయించాను. లోహాన్ని విడగొట్టే మెట్టు కలిపాక లెక్క కుదిరింది. ఇంకో రెండు: శక్తి ఎక్కువ వదిలే లిథియం నీళ్లలో ఎందుకంత నెమ్మది? దాన్ని కిరోసిన్‌లో ఎందుకు పెట్టరు?

జవాబు: లోపలి_కర్పరం

రెండోది తేలిక. లిథియం సాంద్రత 0.53, కిరోసిన్‌ది దాదాపు 0.8. పైకి తేలి గాలికి తగులుతుంది. అందుకే పారఫిన్ మైనంలోనో పెట్రోలియం జెల్లీలోనో పొదుగుతారు. నైట్రోజన్ నింపిన సీసా కూడా దీనికి రక్ష కాదు, క్షార లోహాల్లో ఇదొక్కటే మామూలు పరిస్థితుల్లో నైట్రోజన్‌తో కలిసి నైట్రైడ్ అవుతుంది. ఆర్గాన్ కావాలి.

మొదటిది. నీళ్లతో చర్యలో లిథియం మోల్‌కి 222 కిలోజౌళ్లు వదులుతుంది, సోడియం 184, పొటాషియం 196. కానీ లిథియం కరగడానికి 180 డిగ్రీలు కావాలి, నీళ్లలో అది ముద్దగానే ఉండిపోతుంది. సోడియం, పొటాషియం కరిగి ఎప్పటికప్పుడు కొత్త ముఖం చూపిస్తాయి. దీనికితోడు లిథియం మొదటి అయనీకరణ శక్తి కూడా ఎక్కువే.

పేలుడు హైడ్రోజన్ అంటుకోవడం వల్లే అని రాస్తుంటారు. అది మొత్తం కథ కాదు. 2015లో ప్రాగ్‌లోని పావెల్ యుంగ్‌విర్త్ బృందం సోడియం–పొటాషియం మిశ్రమ చుక్కల్ని వేగవంతమైన కెమెరాతో తీసి చూసింది. చుక్క నీటిని తాకగానే మిల్లీసెకను కంటే తక్కువలో ముళ్లు ముళ్లుగా విచ్చుకుంది. ఎలక్ట్రాన్లు అంత వేగంగా నీళ్లలోకి పోవడంతో మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. చుట్టూ హైడ్రోజన్ పొర ఏర్పడి చర్యని అణిచేసే లోపే లోహం చీలి నీళ్లకి మరింత ముఖం చూపిస్తుంది. ఒక్క ఎస్ ఎలక్ట్రాన్‌ని ఎంత వదులుగా పట్టుకున్నాయో చెప్పడానికి ఇంతకంటే మంచి దృశ్యం నాకు తోచదు.

గాలిలో కాల్చినప్పుడు మాత్రం ఆరూ ఒకేలా నడవవు. లిథియం ప్రధానంగా మామూలు ఆక్సైడ్ ఇస్తుంది, సోడియం పెరాక్సైడ్, పొటాషియం నుంచి కిందివి సూపరాక్సైడ్. పెద్ద అయాన్ పక్కనే పెద్ద ఆక్సిజన్ అయాన్ స్థిరంగా కూర్చోగలదు. నైట్రేట్లు కూడా అంతే: లిథియం నైట్రేట్‌ని వేడిచేస్తే గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, సోడియం నైట్రేట్ నుంచి నైట్రైట్, ఆక్సిజన్ వస్తాయి. మెగ్నీషియంతో లిథియం కర్ణ సంబంధం (పట్టికలో ఏటవాలుగా ఉన్న పొరుగు మూలకంతో పోలిక) ఇక్కడ చెప్పుకోండి. చివర్న ఫ్రాన్షియం: అయనీకరణ శక్తి 393, సీజియం 376 కంటే ఎక్కువ. బరువైన కేంద్రకం దగ్గర 7ఎస్ ఎలక్ట్రాన్ సాపేక్షతా ప్రభావంతో లోపలికి జరుగుతుంది. కిందికి పోతే తగ్గుతూనే ఉంటుంది అన్న వాక్యం సీజియం దగ్గరే ఆపండి.

జవాబు: జ్వాల_589

జ్వాలా పరీక్ష కూడా అదే గంటలో పెట్టండి, అది కూడా ఆ ఒక్క ఎలక్ట్రాన్ పనే. సోడియంలో 3ఎస్ ఎలక్ట్రాన్ 3పికి ఎక్కి దిగితే 589.0, 589.6 నానోమీటర్ల పసుపు వస్తుంది. లిథియంకి 670.8 దగ్గర ఎరుపు. పొటాషియం గీతలు 766.5, 769.9 దగ్గర, కంటి చూపు అంచున ఉంటాయి, అందుకే ఆ ఊదారంగు అంత పలచన. చిటికెడు సోడియం కలిసినా పొటాషియం రంగు మాయమవుతుంది. నైక్రోమ్ తీగని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, మంట రంగు మారనంత వరకు కాల్చి శుభ్రం చేయండి. అయినా పసుపు పోకపోతే నీలి కోబాల్ట్ గాజులోంచి చూడండి, అది సోడియం పసుపుని మింగేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ఎస్‌బ్లాక్_పాఠం

ఫినాఫ్తలీన్ అయిపోయింది. పసుపు నీళ్లు వాడొచ్చా?

జవాబు: తొట్టి_పక్కన

తొట్టిలో వద్దు. పసుపు నీళ్లలో సరిగా కరగదు, నీళ్లు మసకబారి సోడియం పూస కనపడకుండా పోతుంది. స్పిరిట్‌లో పసుపు కలిపి వడకట్టి, అందులో ఫిల్టర్ పేపర్ ముంచి ఆరబెట్టుకోండి. చర్య పూర్తయి, నిమిషం ఆగాక ఆ కాగితాన్ని చిమటాతో నీళ్లలో ముంచండి. పెసర గింజంత సోడియంకి 2 లీటర్ల నీళ్లలో పీహెచ్ 10.7 దాకా వెళ్తుంది, కాగితం ఎర్రబడటానికి అది చాలు. తొట్టిలోనే రంగు మారాలంటే మందారపు రేకుల్ని వేడినీళ్లలో నానబెట్టి, చల్లారాక వడకట్టి కలపండి. పలచని గులాబీ నుంచి ఆకుపచ్చకి తిరుగుతుంది.